తల్లి పేరు కూతుళ్లే చెప్పాలి

రాణిచీమను పట్టుకున్నవాళ్ల నోట వచ్చే మొదటి మాట "ఇది ఏ చీమ?" అనే. చీమల్ని గాజుగొట్టాల్లో పెంచే సరదా మన ఊళ్లలోనూ కుర్రకారుకు పట్టింది. ఒక టెస్ట్ ట్యూబు, కాస్త దూది, గుక్కెడు నీళ్లు, తొలకరి వాన వెలిసిన వేళ నేలమీద ఒంటరిగా పరుగెత్తే ఒక రాణి, ఇంతే పెట్టుబడి. దూది బిగించీ బిగించకముందే ఫోటో తీసి తెలిసినవాళ్లందరికీ పంపుతారు. పేరు తేలేదాకా వాళ్లకు నిద్ర పట్టదు. ఎన్నో ఏళ్లుగా చీమల వెంట తిరుగుతున్నవాణ్ణి కాబట్టి ఆ ఆత్రం నాకు తెలుసు. ఆ ప్రశ్నంటే నాకు గౌరవం కూడా. పెరట్లోంచో పొలం గట్టు నుంచో ఒక ప్రాణిని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాక, అదేమిటో కనుక్కోవాలనుకోవడం బాధ్యత తెలిసినవాడి లక్షణం. అయితే ఆ ప్రశ్నకు జవాబు రాణి ఒంటిమీద పూర్తిగా ఉండదు. సగం జవాబు ఈ రాత్రి దొరుకుతుంది. మిగతా సగానికి ఆమె పిల్లలు పుట్టేదాకా ఆగాలి. ఆ ఆగడం కూడా గుర్తింపులో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు ఈ రాత్రి తేలే సంగతులు చూద్దాం. వానాకాలం మొదట్లో దీపాల చుట్టూ ముసిరే రెక్కల పురుగుల్లో చాలావరకు ఉసిళ్లు. అవి చెదల సంతానం. బొద్దింకలకు దగ్గర చుట్టాలే తప్ప చీమలకు ఏమీ కావు. ఉసిలికి నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము సన్నబడదు, మీసాలు తిన్నగా ఉంటాయి. చీమకైతే ముందు రెక్కలు పొడుగు, వెనక రెక్కలు పొట్టి. నడుము బాగా సన్నం. మీసం మధ్యలో మడత పడి ఉంటుంది. రెక్కలు రాలిపోయినా నడుమూ మీసమూ మాత్రం ఎక్కడికీ పోవు, వాటిని చూస్తే చాలు.

చీమే అని తేలాక, రాణి అవునా కాదా అన్నది రెండో మాట. ఇక్కడ చాలామంది సైజు చూసి మోసపోతారు. గండుచీమల పుట్టలో పెద్ద తలకాయల శ్రామిక చీమలుంటాయి. వాటిని చూసి రాణి దొరికిందని మురిసిపోతారు. చూడాల్సింది తలను కాదు, వీపును. రాణి ఒక్కసారైనా ఎగరడానికి పుట్టింది. ఎగిరే కండరాలకు చోటు కావాలి గనక ఆమె వక్షం ఉబ్బెత్తుగా, పలకలు పలకలుగా ఉంటుంది. శ్రామిక చీమ ఎన్నడూ ఎగరదు, దాని వక్షం సన్నగా, సాదాగా ఉంటుంది. రెక్కలు రాల్చుకున్న రాణికి అవి ఊడిన చోట చిన్న మచ్చలు మిగులుతాయి. మంచి భూతద్దం ఉంటే ఆ మచ్చలతో పాటు నెత్తిమీద మూడు చిట్టికళ్లు కూడా కనబడతాయి. గండుచీమల్లో శ్రామికలకు ఆ చిట్టికళ్లు ఉండవు.

రెక్కలున్న చీమలన్నీ రాణులూ కావు. మగచీమకు తల చిన్నది, కళ్లు పెద్దవి, ఒళ్లు సన్నం, ఆయుష్షు బహు తక్కువ. ఒక్కోసారి రాత్రిపూట దీపం దగ్గరికి ఎర్రగోధుమ రంగులో, ఒంటినిండా నూగుతో, పొడుగాటి పొట్టతో పెద్ద పురుగొకటి వచ్చి గోడకు కొట్టుకుంటుంది. కందిరీగ జాతేమో అనుకుంటాం. చాలాసార్లు అది డోరిలస్ అనే దండుచీమల మగది. దాని రాణికి అసలు రెక్కలే ఉండవు, నేల లోపలే ఆమె బతుకంతా. వీధి దీపం కింద ఎంతసేపు కాచుకున్నా ఆమె దొరకదు.

ఇక కంటికి కనిపించని సంగతి ఒకటుంది. ఆమె జతకట్టిందా లేదా? రెక్కలు రాలిస్తే జతకట్టినట్టే అంటారు. ఎక్కువసార్లు అది నిజమే. కాని జత దొరకని రాణి కూడా రెక్కలు రాల్చుకుని గుడ్లు పెట్టగలదు. చీమల్లో ఫలదీకరణం జరిగిన గుడ్డు ఆడదవుతుంది, జరగనిది మగదవుతుంది. జతకట్టని రాణి గుడ్లలోంచి వచ్చేవి మగచీమలే. గూడు తవ్వడానికి, తిండి తేవడానికి ఒక్క కూతురూ ఉండదు. జతకట్టిన రాణి మాత్రం ఆ కాసేపట్లో ఒంట్లో దాచుకున్న వీర్యంతోనే బతికినన్నాళ్లూ కూతుళ్లను కంటుంది. ఐరోపా తోటల్లో తిరిగే లాసియస్ నైగర్ అనే నల్లచీమ రాణి ఒకటి మనుషుల పెంపకంలో 28 ఏళ్లు దాటి బతికింది. అన్నేళ్ల సంసారానికీ మూలధనం ఎగిరిన ఆ ఒక్క రోజే. గొట్టంలో మనం పెట్టుకున్నది ఎంత విలువైన ప్రాణమో తెలియడానికి ఈ ఒక్క సంగతి చాలు.

మొన్న తొలకరికి మా మేనల్లుడు ఒక రాణిచీమ ఫోటో పంపాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. హాస్టల్ మెట్లమీద దొరికిందట. వెంటనే ఫోన్ చేశాడు.

"మావయ్యా, ఇది కాంపొనోటస్ కంప్రెసస్ కదా?"

"నడుము చూశావట్రా? కణుపు ఒకటా, రెండా?"

"ఒకటే మావయ్యా. పొలుసులా నిలబడి ఉంది."

"పొట్ట చివర ఏముంది?"

"ముల్లు కనపళ్లేదు. గుండ్రటి చిన్న రంధ్రం, చుట్టూ నూగు."

"మీసాలు మూతి పలక అంచును ఆనుకుని మొదలవుతున్నాయా, కాస్త ఎడంగానా?"

కాసేపు నిశ్శబ్దం. మళ్లీ భూతద్దం పెట్టుకున్నాడని అర్థమైంది. "ఎడంగానే మావయ్యా."

"అయితే కాంపొనోటస్ అను. కంప్రెసస్ అని ఇప్పుడే అనకు."

"అదేంటి మావయ్యా! నల్లగా, పెద్దగా, అచ్చం మన గండుచీమల రాణిలాగే ఉంది కదా."

వాణ్ణి నేనడిగిన ప్రశ్నలు ఏ చీమకైనా అడగాల్సినవే. నడుముకు రెండు కణుపులుంటే చాలావరకు వేరే పెద్ద ఉపకుటుంబం: ఫైడోల్, సొలెనాప్సిస్, క్రిమటోగాస్టర్ వంటివన్నీ అందులోవి. ఒకే కణుపు ఉండి, పొట్ట చివర నూగు చుట్టుకున్న గుండ్రటి రంధ్రం ఉంటే అది ఆమ్లం చిమ్మే ఉపకుటుంబం, గండుచీమల ప్రజాతి కాంపొనోటస్ ఉన్నది అందులోనే. ఒకే కణుపుతో పాటు పొట్ట చివర బలమైన ముల్లు ఉంటే పొనెరైన్ వంశం అనుకోవచ్చు. రంగు గురించి నేను ఒక్క ముక్క కూడా అడగలేదు. మబ్బుపట్టిన సాయంత్రం, ఫోన్ కెమెరా, గాజుగొట్టం మీద మెరుపు, ఈ మూడూ కలిస్తే గోధుమరంగు చీమ నల్లదవుతుంది, నల్లది ఎర్రదవుతుంది. ఉపకుటుంబం, ఆ తర్వాత ప్రజాతి, ఇంతవరకు రాణి ఒళ్లే చెబుతుంది. ఒక్క కాంపొనోటస్ ప్రజాతిలోనే ప్రపంచంలో వెయ్యికి పైగా జాతులున్నాయి. వాటిలో ఇది ఫలానాది అనడానికి రాణి ఒక్కతీ సరిపోదు.

ఎందుకు సరిపోదో తెలియాలంటే మనకు చీమల పేర్లు ఎలా వచ్చాయో చూడాలి. థామస్ జెర్డన్ అనే వైద్యుడు నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. మన కలివికోడిని శాస్త్రలోకానికి చూపించినవాడు ఆయనే, ఇంగ్లిషులో ఆ పిట్ట ఇప్పటికీ ఆయన పేరుమీదే ఉంది. పక్షుల జెర్డన్‌గానే మనకు ఆయన తెలుసు. చీమల జెర్డన్‌గా కూడా తెలిసి ఉండాలని నా కోరిక. 1851లో దక్షిణ భారతదేశపు చీమల జాబితా ఒకటి ఆయన మద్రాసు నుంచి వెలువడే విద్వత్పత్రికలో ప్రకటించాడు. పొడుగాటి దవడలతో ఎగిరి దూకి వేటాడే హార్పెగ్నాథస్ సాల్టేటర్‌కు ఆ పేరు వచ్చింది ఆ జాబితాలోనే. తర్వాత 1903లో బింగ్‌హామ్ బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథమాలలో చీమలకు ఒక సంపుటం రాశాడు. 1994లో బారీ బోల్టన్ ప్రపంచ చీమల ప్రజాతులన్నిటికీ మార్గదర్శిని తెచ్చాడు. 2006లో అజయ్ నరేంద్ర, సునీల్ కుమార్ దక్షిణాపథపు చీమలకు చేతిపుస్తకం ఇచ్చారు. గుర్తుపట్టే మెట్లు ఈ సంప్రదాయంలో ప్రధానంగా శ్రామిక చీమను ముందు పెట్టుకుని కట్టినవి. దానికి కారణం ఉంది. శ్రామిక చీమ ఏ రోజు వెతికినా దొరుకుతుంది. రాణి పుట్ట అడుగున ఉంటుంది, బయటికి వచ్చేది ఏడాదిలో ఏ కొద్ది రోజులో. 2016లో వెలువడిన జాబితా ప్రకారం మన దేశంలో చీమల జాతులు, ఉపజాతులు కలిపి 828, ప్రజాతులు 100. వాటిలో చాలావాటికి రాణి వర్ణన అంటూ ఎవరూ రాసి పెట్టలేదు.

మన వీధుల్లో ఆడవాళ్లను పిల్లల పేరుతో చెప్పుకోవడం అలవాటు. రవి వాళ్లమ్మ, లక్ష్మి వాళ్లమ్మ అంటాం. రాణిచీమ విషయంలో శాస్త్రం కూడా అదే పద్ధతిలో నడుస్తోంది. కూతుళ్లు పుట్టాక, వాళ్లను చూసి తల్లి ఎవరో చెబుతుంది.

మేనల్లుడికి ఇదంతా చెబితే, "అందాకా దీన్ని ఏమని పిలవను మావయ్యా?" అన్నాడు. పిలవక్కర్లేదు, చూస్తే చాలు అన్నాను. అయితే పేరు తేలకపోయినా వెంటనే తేలి తీరాల్సిన సంగతి ఒకటుంది. ఆమె తింటుందా, తినదా? నా దృష్టిలో గుర్తింపు అన్నమాటకు అసలైన ప్రయోజనం ఇక్కడే.

గండుచీమల రాణి తినదు. రెక్కలు రాల్చుకున్నాక నేలలో చిన్న గది తవ్వుకుని, లోపలినుంచి దారి మూసేసుకుంటుంది. ఇక తనకు అక్కర్లేని ఎగిరే కండరాలు ఒంట్లోనే కరుగుతాయి. పొట్టలోని కొవ్వుతో పాటు ఆ కరిగిన సత్తువే తన ఆహారం, పిల్లల ఆహారం కూడా. మొదటి కూతుళ్లు పెరిగి దారి తెరిచేదాకా అన్ని వారాలూ ఆమె ముద్ద ముట్టదు. ఇలాంటి రాణి గొట్టంలో ఉన్నప్పుడు "పాపం, ఆకలేస్తుందేమో" అని రోజూ దూది తీసి చక్కెర నీళ్లు పెట్టేవాళ్లు ఉన్నారు. ప్రేమతోనే పెడతారు. కాని గొట్టం కదిలిన ప్రతిసారీ, వెలుతురు పడిన ప్రతిసారీ ఆమెకు గది బద్దలైనట్టే. బెదిరిన రాణి తన గుడ్లను తానే తినేస్తుంది. అది క్రూరత్వం కాదు. ఇక్కడ పిల్లలు బతకరని ఆమె తేల్చుకుంది, ఆ సత్తువను వెనక్కి తీసుకుని ఇంకోసారి ప్రయత్నిస్తుంది. అలాంటి ప్రయత్నాలకు ఆమె ఒంట్లో ఉన్నది లెక్కపెట్టినంత నిల్వే.

పొనెరైన్ వంశపు రాణి దీనికి పూర్తిగా వ్యతిరేకం. హార్పెగ్నాథస్ రాణి గూడు కట్టుకున్నాక కూడా బయటికొచ్చి వేటాడి పిల్లల్ని సాకుతుంది. ఆమె ఒంట్లో అంత నిల్వ ఉండదు. చూపులకు శ్రామిక చీమకూ ఆమెకూ పెద్ద తేడా కూడా కనిపించదు. ఈమెను గండుచీమ రాణి అనుకుని గొట్టం మూసి నెలరోజులు చీకట్లో పెడితే ఆకలితో చచ్చిపోతుంది. ఒకరికి తిండి పెట్టడం హాని, ఇంకొకరికి పెట్టకపోవడం హత్య. ఈ తేడా తెలుసుకోవడానికి జాతి పేరు అక్కర్లేదు. నడుము కణుపు, పొట్ట చివర, దవడల పొడవు, వక్షం ఉబ్బు చూస్తే చాలు. అనుమానం తీరకపోతే చిన్న తేనె చుక్క, చంపిన దోమ ఒకటి ఒక్కసారి పెట్టి మర్నాడు చూడాలి. ముట్టకపోతే తీసేసి, ఇక ఆమె జోలికి పోకూడదు.

ఇంకో వింత కూడా మన నేలలోనే ఉంది. డయకమ్మా అనే పెద్ద చీమ మన తోటల్లో, పార్కుల్లో ఒంటరిగా తిరుగుతూ కనబడుతుంది. ఒళ్లంతా సన్నటి గీతలు, లోహపు మెరుపు. దీని రాణిని వెతికేవాళ్లకు ఎన్నటికీ దొరకదు, ఎందుకంటే ఆ చీమల్లో రాణి అనే వేరే రూపమే లేదు. పుట్టిన ప్రతి శ్రామికకూ వీపుమీద మొగ్గల్లాంటి రెండు చిన్న అవయవాలుంటాయి. అవి నిలుపుకున్నదే జతకడుతుంది, గుడ్లు పెడుతుంది. మన డయకమ్మా ఇండికంలో ఆ పెద్ద చీమ కొత్తగా పుట్టినవాటి మొగ్గలు కొరికేస్తుంది, అవి జీవితాంతం పనికత్తెలుగానే ఉండిపోతాయి. రాణి పుట్టుకతోనే రాణి అనే మన ఊహ ఇక్కడ చెల్లదు.

గొట్టంలో గుడ్లు కనిపించాక గుర్తింపు మళ్లీ మొదలవుతుంది. లార్వాలు పెరిగి పట్టు అల్లుకుని లేతరంగు గూళ్లలో దాక్కుంటే రెండు కణుపుల ఉపకుటుంబం కాదని తేలుతుంది. కాంపొనోటస్‌లోనూ పొనెరైన్‌లలోనూ ఈ గూళ్లు ఉంటాయి. ఫైడోల్, సొలెనాప్సిస్ వంటివాటి ప్యూపాలకు గూడు ఉండదు, తెల్లగా కాళ్లు మడుచుకుని కనబడతాయి. ఆ తర్వాత మొదటి కూతుళ్లు వస్తారు. తల్లి ఒక్కతే తన ఒంటిలోంచి తీసి పెంచిన పిల్లలు గనక వాళ్లు మామూలుకన్నా చిన్నగా, పలచగా, బెరుగ్గా ఉంటారు. పుస్తకం తెరిచి పేరు తేల్చేద్దామని ఇప్పుడు అనిపిస్తుంది. కాస్త ఆగాలి. కాంపొనోటస్‌లో జాతిని బాగా పట్టిచ్చే పెద్ద తలకాయల శ్రామికలు ఈ మొదటి కాన్పులో రావు. కుటుంబం పెరిగి, తిండి సమృద్ధిగా అందాకే వస్తాయి. ఫోటో పంపిన రాత్రి అడిగిన ప్రశ్నకు నెలల తర్వాత జవాబు వస్తుంది. అప్పటికి ఆమెను పెంచుతున్నవాడికి ఆమె నడక, ఆమె బెదురు, ఆమె మెచ్చే చీకటి అన్నీ తెలిసిపోయి ఉంటాయి. జవాబు అంత ఆలస్యంగా రావడం నాకు లోటనిపించదు.

ఇంగ్లండులో జాన్ లబ్బక్ ఇలాగే చూసినవాడు. రెండు గాజుపలకల మధ్య మట్టి పోసి చీమల్ని ఉంచి, ఒక్కోదానికి రంగుచుక్క పెట్టి గుర్తు పెట్టుకున్నాడు. 1882లో తన పరిశీలనలన్నీ పుస్తకంగా వేశాడు. 1874లో తెచ్చుకున్న ఒక ఫార్మికా ఫస్కా రాణి ఆయన దగ్గర 1888 దాకా బతికింది. చీమ అంతకాలం బతుకుతుందని లోకానికి తెలిసింది ఆయన ఓపికవల్లే. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఐరోపా పెంపకందారులు శీతకాలంలో చీమల్ని చల్లటి చోట నిద్రపుచ్చమంటారు. అక్కడి చీమలకు అది అవసరం. మన గండుచీమకు అలాంటి నిద్ర అక్కర్లేదు. పేరు తప్పుగా అనుకుని అక్కడి పద్ధతి ఇక్కడ పాటిస్తే నష్టపోయేది ఆమే.

పేరు మీద ఆత్రం బజారుకెక్కితే ఏమవుతుందో 2025లో కెన్యాలో బయటపడింది. ఇద్దరు బెల్జియం కుర్రవాళ్లు సుమారు 5,000 చీమల్ని రెండువేలకు పైగా గొట్టాల్లో దూదితో బిగించి దేశం దాటించబోతూ పట్టుబడ్డారు. వాటిలో ఎక్కువ భాగం మెస్సర్ సెఫలోటిస్ అనే గింజలు ఏరుకునే పెద్ద ఎర్రచీమ రాణులు. కోర్టు ఒక్కొక్కరికి పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, కట్టకపోతే ఏడాది జైలు అంది. ఆ రాణులకు సరైన పేరే ఉంది, ఆ పేరుకే ధర పలికింది. దూరదేశపు చీమ పేరు గొప్పగా వినిపించడం వల్లే ఆ గొట్టాలు నిండాయి. మన దగ్గర అమెరికా ఖండాల నుంచి వచ్చి పాతుకుపోయిన సొలెనాప్సిస్ జెమినేటా అనే మంటచీమ పొలాల్లో, ఇళ్లలో కుడుతూనే ఉంది. ఒకచోటి రాణి ఇంకొకచోటికి చేరితే ఏం జరుగుతుందో చెప్పడానికి అదొక్కటే చాలు. పెంచాలనుకుంటే మన వీధి చీమనే పెంచాలి. అంతకంటే గొప్ప చీమ ఎక్కడా లేదని నేను మనస్ఫూర్తిగా అంటాను.

కాబట్టి ఈ వానలకు మీ మెట్లమీదో దీపం కిందో రెక్కలు రాల్చుకున్న చీమ ఒకటి ఒంటరిగా కనిపిస్తే, నెలల తరబడి చూసుకునే ఓపిక ఉంటేనే తీసుకోండి. ఒక్కదాన్నే తీసుకోండి. ఊరు, తేదీ, వేళ, వాన ఎప్పుడు వెలిసిందీ చిన్న చీటీమీద రాసి గొట్టానికి అంటించండి. ఏ జాతి ఏ వేళ ఎగురుతుందన్నది గుర్తింపుకు పనికొచ్చే ఆధారం, అది మళ్లీ దొరకదు. నడుమూ వీపూ మీసమూ ఒకసారి శ్రద్ధగా చూసి, తినే వంశమో కాదో తేల్చుకుని, చీకట్లో పెట్టండి. పేరు రాసే చోటు ఖాళీగానే ఉంచండి. పెంచడం మీవల్ల కాదనిపిస్తే వేరే ఊరు తీసుకెళ్లకండి, ఇంకొకరికి అమ్మకండి, దొరికిన చోటే తడి ఆరని మట్టిమీద వదిలిపెట్టండి.